రోరిక్ కొండలు: ఒక చిత్రకారుడి ప్రయాణం



ఈసారి నికొలస్ రోరిక్ గురించి మాట్లాడతాను. రష్యాలో పుట్టి, మన కులూ లోయలో కన్నుమూసిన చిత్రకారుడు. పేరు తెలియని వాళ్ళు కూడా ఆయన కొండల్ని ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. డైరీ అట్టమీదో, ధ్యానకేంద్రం గోడమీదో, ఏదో ఆధ్యాత్మిక పుస్తకం ముఖచిత్రంగానో.

నేను మొదటిసారి చూసింది నా లెక్కల నోటుబుక్కు మీద. అప్పట్లో మా ఇంటికి 'సోవియట్ భూమి' పత్రిక వచ్చేది. చదివేవాళ్ళు చదివేవాళ్ళు, మాకు మాత్రం ఆ నున్నటి కాగితం ముఖ్యం. బడి తెరిచేముందు ఆ పేజీలు చించి పుస్తకాలకి అట్టలు వేసుకునేవాళ్ళం. ఒక ఏడాది లెక్కల పుస్తకానికి వేసిన అట్టమీద ఒక నీలం కొండ ఉండేది, వెనకాల పసుపు ఆకాశం. బొమ్మ ఎవరిదో రాసిన వరస మడతలోపలికి పోయింది. ఏడాది పొడుగునా ఆ కొండని చూస్తూ, ఇది నిజం కొండ కాదు, ఎవరో ఊహించి వేసింది అని గట్టిగా అనుకున్నాను. కొండ అంత నీలంగా ఎక్కడుంటుందండీ? మా ఊరి కొండ దగ్గరికి వెళ్తే ఎండకి కాలిన రాయి, దూరం నుంచి చూస్తే బూడిద.

ఈ మాట ఎందుకు చెప్తున్నానంటే, పెద్దయ్యాక కూడా నా అభిప్రాయం పెద్దగా మారలేదు. బొమ్మలు వేసే స్నేహితుల మధ్య రోరిక్ ప్రస్తావన వస్తే, "ఆఁ, క్యాలెండర్ కొండలు" అని తేల్చేసేవాళ్ళం. రంగు ఎక్కువ, భక్తి ఎక్కువ, అన్నీ ఒక్కలాగే ఉంటాయి అని. అందులో కొంత నిజం ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను. కాని ఆ తీర్పు ఇచ్చిన రోజుల్లో నేను ఆయన అసలు బొమ్మ ఒక్కటీ చూడలేదు. హిమాలయాలూ చూడలేదు. రెండూ చూడకుండానే రంగు ఎక్కువైందని చెప్పేశాను.

సరే, మొదటినుంచి వస్తాను.

రోరిక్ 1874లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టారు. వాళ్ళకి ఊరికి దూరంగా ఇజ్వారా అనే చోట ఎస్టేటు ఉండేది. చుట్టూ అడవి, పాతకాలపు సమాధి దిబ్బలు. చిన్నతనంలోనే ఆ దిబ్బలు తవ్వి కంచు ముక్కలు, కుండ పెంకులు ఏరడం మొదలుపెట్టాడు. అది చివరిదాకా పోలేదు. చిత్రకారుడు ఎంతో, పురావస్తు తవ్వకాల మనిషి కూడా అంతే. ఆ ఇజ్వారా ఇంటి గోడమీద సాయంత్రపు వెలుగులో మెరుస్తున్న ఒక కొండ బొమ్మ ఉండేదట. అది కాంచనగంగ అని చాలా ఏళ్ళ తర్వాత తెలిసిందని ఆయనే చెప్పుకున్నారు. నా లెక్కల పుస్తకం సంగతి చెప్పాను కదా, అందుకే ఈ ముక్క చదివినప్పుడు కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను.

తండ్రి నోటరీ. కొడుకు లా చదవాలన్నాడు. కొడుకు బొమ్మలు నేర్చుకుంటానన్నాడు. చివరికి రెండూ ఒకేసారి చేశాడు, యూనివర్సిటీలో లా, అకాడమీలో చిత్రకళ. అకాడమీలో దొరికిన గురువు ఆర్కిప్ కుయింజి. ఈయన గురించి రెండు మాటలు చెప్పకుండా ముందుకి వెళ్ళలేను. 1880లో కుయింజి ఒకే ఒక్క బొమ్మతో ప్రదర్శన పెట్టాడు. ద్నీపర్ నది మీద వెన్నెల రాత్రి. గది చీకటి చేసి, బొమ్మమీద మాత్రం దీపపు వెలుగు పడేలా ఏర్పాటు చేశాడు. జనం బారులు తీరారు. బొమ్మలోని చంద్రుడు నిజంగా వెలుగుతున్నట్టు ఉంటే, కేన్వాసు వెనక దీపం దాచారేమోనని తొంగిచూసినవాళ్ళు ఉన్నారు. రంగు పక్కన ఏ రంగు పెడితే వెలుగు పుడుతుందో తెలిసిన మనిషి. అయితే ఆ బొమ్మ కాలక్రమంలో నల్లబడిపోయింది. నూనె రంగులతో ఉన్న ఇబ్బంది అది. వేసిన రోజున ఉన్న వెలుగు యాభై ఏళ్ళ తర్వాత ఉంటుందన్న హామీ లేదు. ఇది గుర్తుపెట్టుకోండి, దీనితో పని పడుతుంది.

ఇప్పుడు తెరమీద ఉన్నది 1901 నాటి బొమ్మ, 'సముద్రం అవతలి అతిథులు'. మాస్కోలోని త్రెత్యకోవ్ గ్యాలరీలో ఉంటుంది. చదువుతున్నవాళ్ళ కోసం చెప్తాను. గాఢమైన నీలం నీళ్ళు, వాటిమీద వరసగా వస్తున్న పడవలు, ఎర్రని తెరచాపలు, బొద్దుగా తెల్లని సముద్రపక్షులు. వెయ్యేళ్ళ కిందట ఉత్తరాది వైకింగులు నదులమీదుగా రష్యాలోకి రావడం విషయం. కాని ఈ బొమ్మ పుస్తకం చదివి వేసింది కాదు. అంతకు రెండేళ్ళ ముందు ఆయన వోల్ఖోవ్ నది మీదుగా నొవ్‌గొరోద్ వైపు ప్రయాణం చేశారు. పాత పడవలదారి అదే. నది వెడల్పు, గట్ల పచ్చదనం, వంపు తిరగగానే కనిపించే దిబ్బ, ఇవన్నీ కంటితో చూసినవి. మనుషులు మాత్రం ఊహ.

ఆయన పద్ధతి మొత్తానికి ఇక్కడే మొదలు. నేల చూసినది, దానిమీద నడిచే మనిషి ఊహించినది. తర్వాత నలభై అయిదేళ్ళు ఈ రెండిటి పాళ్ళు మారుతూ వచ్చాయి. నన్నడిగితే ఆయన చిత్రకళ కథంతా ఆ పాళ్ళు మారిన కథే.

1903, 1904 వేసవుల్లో భార్య హెలెనాతో కలిసి పాత రష్యన్ పట్టణాలన్నీ తిరిగారు. కోటగోడలు, చర్చిలు, మఠాలు, పదులకొద్దీ స్టడీలు వేశారు. గోడ మందం, దానిమీద సాయంత్రపు ఎండ, అంతే. మనుషులు దాదాపు ఉండరు. వాటిలో చాలా బొమ్మలు 1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనకి వెళ్ళి తిరిగి రాలేదు, అక్కడే అమ్ముడై చెల్లాచెదురైపోయాయి.  ఒక చిత్రకారుడికి అది ఎలాంటి దెబ్బో, ఒక్క స్కెచ్‌బుక్ రైల్లో పోగొట్టుకున్నవాణ్ణి కాబట్టి కొంచెం ఊహించగలను.

ఇంచుమించు ఆ కాలంలోనే ఆయన నూనె రంగుల నుంచి టెంపెరాకి మారారు. టెంపెరా అంటే రంగుపొడిని నూనెలో కాకుండా గుడ్డుసొనతోనో, జిగురుతోనో కలిపి వేయడం. ఇది తొందరగా ఆరిపోతుంది. నూనె రంగుల్లా తీరిగ్గా ఒకదాంట్లోకి ఒకటి రుద్ది కలపడానికి టైము ఉండదు. కాబట్టి రంగుని పలకలు పలకలుగా, పక్కపక్కన పెట్టాలి. ఆరాక మెరుపు ఉండదు, సున్నం వేసిన గోడలా పొడిగా ఉంటుంది. నూనెలా పచ్చబడటం, నల్లబడటం తక్కువ. గురువు దగ్గర నేర్చుకున్న విద్య అదే, రంగు పక్కన రంగు పెట్టి వెలుగు పుట్టించడం. ఇప్పుడు దానికి తగిన సామాను దొరికింది.

నాటకరంగం సంగతి త్వరగా చెప్పేస్తాను. 1909లో ద్యాగిలెవ్ బృందం కోసం, 1913లో స్ట్రావిన్‌స్కీ 'వసంతార్చన' బాలే కోసం తెరలు, దుస్తులు ఆయనే చేశారు. ఆ బాలే కథ తయారుచేయడంలోనూ చెయ్యి ఉంది. 1913 మే 29న పారిస్‌లో మొదటి ప్రదర్శన రోజు హాల్లో జరిగిన గొడవ సంగీతం గురించి చదివేవాళ్ళందరికీ తెలిసిందే. తెర డిజైన్ చేయడం వల్ల ఆయనకి ఒకటి అలవాటైంది. చివరి వరసలో కూర్చున్నవాడికి కూడా ఆకారం తెలియాలి. చిన్న చిన్న వివరాలు పనికిరావు. ఇది తర్వాత కొండల్లో ఉపయోగపడింది.

1912 నాటి 'ఆకాశ యుద్ధం' అనే బొమ్మ చూడండి. తెరలో నాలుగింట మూడొంతులు మబ్బులే. రెండు మబ్బుల గుంపులు ఒకదానిమీద ఒకటి విరుచుకుపడుతున్నాయి. కింద సరస్సు గట్టున గుంజల మీద కట్టిన గుడిసెలు, వేలిగోరంత. ఒక్క మనిషీ లేడు. మన దగ్గర తొలకరికి ముందు పడమట కమ్ముకొచ్చే మబ్బు చూసినవాళ్ళకి ఈ బొమ్మ వివరించక్కర్లేదు.

తర్వాత ఊపిరితిత్తుల జబ్బు. 1916 చివర్లో విశ్రాంతి కోసం ఫిన్లాండ్ వైపు, లదోగా సరస్సు దగ్గరికి వెళ్ళారు. ఆయన అక్కడుండగానే రష్యాలో విప్లవం వచ్చింది, సరిహద్దు మారింది. విశ్రాంతికని వెళ్ళిన మనిషి ప్రవాసి అయిపోయాడు. 1917లో వేసిన 'కరేలియా: అనంత నిరీక్షణ' అప్పటిదే. రాళ్ళు, నీళ్ళు, ఒడ్డున కూర్చుని ఎదురుచూస్తున్న మనుషులు. రాళ్ళని ఇక్కడే మొదటిసారి గీత కట్టి, పలకలుగా విడగొట్టి వేయడం స్పష్టంగా కనిపిస్తుంది. నా ఉద్దేశంలో హిమాలయాల బొమ్మలకి అక్షరాభ్యాసం జరిగింది ఇక్కడ, ఆ చలి సరస్సు గట్టున.

లండన్, అక్కడినుంచి 1920లో అమెరికా. లండన్‌లో రవీంద్రనాథ్ టాగూర్‌ని కలిశారు. అమెరికాలో అరిజోనా లోయలు, మెయిన్ రాష్ట్రపు సముద్రం వేశారు. పేరొచ్చింది, డబ్బున్నవాళ్ళు చేరారు, 1923లో న్యూయార్క్‌లో ఆయన పేరుతో మ్యూజియం తెరిచారు. బతికుండగానే సొంత మ్యూజియం! ఎవరైనా అక్కడ స్థిరపడతారు. ఆయన అదే ఏడాది డిసెంబరులో భార్యతో, ఇద్దరు కొడుకులతో బొంబాయిలో దిగారు. అప్పటికి వయసు 49.

1924లో డార్జిలింగ్. ఎదురుగా కాంచనగంగ. ఇంటి గోడమీది బొమ్మ కిటికీలోకి వచ్చింది. ఆ ఏడాది వేసిన వాటిలో 'గుర్తుంచుకో' అని ఒకటుంది. ఒక మనిషి గుర్రమెక్కి బయల్దేరుతూ వెనక్కి తిరిగి చూస్తున్నాడు. వెనక ఇంటిదగ్గర ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. వాళ్ళందరి వెనక మంచుకొండలు. దీన్ని చాలామంది ఆధ్యాత్మిక ప్రయాణానికి సంకేతం అంటారు. కావచ్చు. నాకు మాత్రం ఇది ఉద్యోగానికి దూరదేశం పోతూ వీధి మలుపు దగ్గర వెనక్కి తిరిగిన ఎవరైనా సరే గుర్తుపట్టే బొమ్మ. ఏడేళ్ళయింది ఆయన ఇల్లొదిలి. ఆ సంగతి బొమ్మలో ఉంది.

1925 నుంచి 1928 దాకా మధ్య ఆసియా యాత్ర. కాశ్మీర్, లడాఖ్, కారకోరం కనుమలు, ఖోతాన్, ఉరుంచి, మధ్యలో ఒకసారి మాస్కో, అల్తాయ్ పర్వతాలు, మంగోలియా, టిబెట్. గుర్రాలు, యాక్‌లు, ఒంటెలు. మొత్తం 35 కనుమలు దాటామని రాసుకున్నారు. హెలెనా కూడా దారంతా వెంట ఉంది. పెద్దకొడుకు యూరీ టిబెటన్ భాష చదువుకున్నవాడు, దారిలో మాటలాడే పని అతనిది. తండ్రి 'అల్తాయ్ హిమాలయ' అని, కొడుకు 'అంతరాసియా దారులు' అని ఎవరికి వాళ్ళు పుస్తకాలు రాశారు. ఒకే దారి గురించి చిత్రకారుడు ఎలా రాస్తాడు, పండితుడు ఎలా రాస్తాడు అని పోల్చుకోవచ్చు.

1927 అక్టోబరులో టిబెట్ అధికారులు వాళ్ళని చాంగ్‌తాంగ్ పీఠభూమి మీద ఆపేశారు. ముందుకి వెళ్ళడానికి లేదు, వెనక్కి వెళ్ళడానికి లేదు. అయిదు నెలలు. ఆ చలికాలం వేసవి గుడారాల్లో. సీసాలో బ్రాందీ గడ్డకట్టిందట. మేత లేక పశువులు ఒక్కొక్కటే పోయాయి, బతికినవి కొన్నే. మనుషులు కూడా చనిపోయారు.

ఇక్కడ నాకు ఒక పేచీ ఉంది. ఈ యాత్ర నుంచి వచ్చిన బొమ్మలు దాదాపు 500. వాటిలో ఆ చావులు కనిపించవు. కొండ ప్రశాంతంగా ఉంటుంది, ఆకాశం ప్రశాంతంగా ఉంటుంది, సన్యాసి గుహలో కూర్చుని ఉంటాడు. గుర్రం మంచులో కూలిపోవడం కళ్ళారా చూసిన మనిషి అది ఎందుకు వేయలేదు? చాలాకాలం నాకిది నిజాయితీ లోపంలాగే అనిపించింది. ఇప్పుడు అంత గట్టిగా అనలేను, అలాగని పూర్తిగా వదల్లేదు కూడా. డైరీలో ఆ కష్టం ఉంది. బొమ్మలో లేదు. ఆయన బొమ్మకి పెట్టుకున్న పని వేరు, అంతవరకే నాకు అర్థమైంది.

ఇప్పుడు నా ప్రయాణం గురించి కొంచెం. నేనూ నీటిరంగుల్లో బొమ్మలు వేస్తాను, గొప్పగా కాదు. కొన్నేళ్ళ కిందట కులూ వెళ్ళి, నగ్గర్‌లో వారం ఉండి, అక్కడినుంచి కనుమ దాటి లాహుల్ వైపు వెళ్ళాను. రోజూ బొమ్మ వేసేవాణ్ణి. రోజూ పాడయ్యేది. ఎందుకో మొదటి మూడు రోజులు తెలియలేదు.

మనకి కొండలు వేయడం నేర్పినప్పుడు మొదటి పాఠం ఏమిటి? దగ్గర కొండ ముదురు, వెనకది లేత, దాని వెనకది ఇంకా లేత, చివరిది ఆకాశంలో కలిసిపోవాలి. అరకులోనో, పాపికొండల దగ్గరో ఇది అక్షరాలా నిజం. మన గాలిలో తేమ ఉంటుంది, దుమ్ము ఉంటుంది. దూరం పెరిగేకొద్దీ ఆ గాలి పొర మందమై కొండ రంగు పాలిపోతుంది. నేను ఆ అలవాటుతోనే లాహుల్లో చివరి శిఖరాన్ని లేతగా వేస్తున్నాను. తల ఎత్తి చూస్తే చివరి శిఖరమే అన్నిటికన్నా పదునుగా ఉంది. కత్తితో కోసినట్టు. అది పాతిక మైళ్ళ దూరంలో ఉంటుంది, చెయ్యి చాపితే అందేలా ఉంది. అక్కడ గాలి పలచన, పొడి. పాలిపోవడానికి మధ్యలో ఏమీ లేదు.

నీడ సంగతి కూడా అంతే. మంచు తెల్లగా ఉంటుంది కాబట్టి ఏ వెలుగు పడితే ఆ రంగు. ఎండ తగిలినవైపు ఎండ రంగు. నీడలో ఉన్నవైపు ఎండ లేదు, ఉన్న వెలుగంతా ఆకాశం నుంచి వచ్చేదే. ఎత్తుకి వెళ్ళేకొద్దీ ఆకాశం ముదురు నీలం. కాబట్టి నీడ నీలం. లేత నీలం కాదు, సిరా నీలం. పొద్దుగూకాక లోయంతా చీకటైపోయి, శిఖరం ఒక్కటీ కాసేపు గులాబీ రంగులో వెలుగుతుంది, వెనక ఆకాశం పసుపు నుంచి ఆకుపచ్చకి తిరుగుతుంది. నేను బ్రష్ పక్కన పెట్టేశాను. నా లెక్కల పుస్తకం అట్ట ఎదురుగా నిలబడి ఉంది.

అంటే ఆయన రంగు పెంచలేదా? పెంచారు. ఏ చిత్రకారుడైనా పెంచుతాడు. కాని ఎక్కడ పెంచారో, ఎక్కడ ఉన్నది ఉన్నట్టు వేశారో నేను విడదీసి చూడలేదు. పలకలు పలకలుగా, దూరం దగ్గర తేడా లేకుండా వేయడం ఆయన శైలి అనుకున్నాను. అది శైలీ అవును, అక్కడి గాలి కూడా అవును. ఆ గాలి కోసమే తయారైనట్టున్న టెంపెరా పద్ధతి ఆయన చేతిలో ఇరవై ఏళ్ళుగా ఉంది. ఈ కొండలు చూసి ఆ శైలి పుట్టిందని మనం అనుకుంటాం. నిజానికి శైలి ముందే సిద్ధంగా ఉంది, దానికి సరిపోయే కొండలు 49 ఏళ్ళకి దొరికాయి.

1928 చివర్లో నగ్గర్‌లో స్థిరపడి, 'ఉరుస్వతి' అనే హిమాలయ పరిశోధన సంస్థ నడిపారు. మూలికలు, భాషలు, పురావస్తువులు. ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. ఆవరణలో దేవదారు చెట్ల కింద గుర్రమెక్కిన గూగా చౌహాన్ రాతి విగ్రహం ఉంటుంది, దాన్ని కూడా ఆయన బొమ్మల్లో వేశారు. మన ఊరి పొలిమేర దేవుళ్ళు గుర్తొస్తారు. బ్రిటిష్ వాళ్ళకి మాత్రం ఆయనంటే అనుమానం, బోల్షెవిక్ గూఢచారేమోనని. అమెరికా వెళ్ళి 1930లో తిరిగొస్తుంటే రానివ్వలేదు. భార్యేమో కులూలో జబ్బుతో ఉంది. ఆయన ఫ్రెంచి వాళ్ళ చేతిలో ఉన్న పాండిచ్చేరిలో దిగి అనుమతి కోసం ఎదురుచూశారు. న్యూయార్క్‌లో అండగా నిలిచిన ధనికుడు 1935లో తెగతెంపులు చేసుకోవడంతో అక్కడి మ్యూజియం, అందులోని బొమ్మలు కూడా చేజారాయి. ఇప్పుడు అక్కడున్నది తర్వాత మళ్ళీ పెట్టినది. అదే 1935లో, యుద్ధాల్లో కళాఖండాలను కాపాడాలన్న ఆయన ఆలోచన మీద అమెరికా ఖండపు 21 దేశాలు వాషింగ్టన్‌లో ఒప్పందం మీద సంతకాలు చేశాయి. సొంత బొమ్మలు కాపాడుకోలేకపోయిన ఏడాదే ఇది జరగడం విచిత్రం.

నగ్గర్ ఇంటికి వెళ్ళినవాళ్ళలో మనవాడొకరున్నారు. దుగ్గిరాల దగ్గర తుమ్మపూడి నుంచి హిమాలయాలకి వెళ్ళిన సంజీవదేవ్. రోరిక్ కుటుంబంతో గడిపిన రోజుల గురించి ఆయన ఆత్మకథలో రాశారు. ఆయనా పాస్టెల్‌తో ప్రకృతి దృశ్యాలు వేసేవారు. తిరిగొచ్చి మళ్ళీ తుమ్మపూడిలోనే, పొలాల మధ్యే ఉండిపోయారు. రోరిక్ చిన్నకొడుకు స్వెతస్లావ్ కూడా చిత్రకారుడే. 1945లో ఆయన పెళ్ళి చేసుకున్నది సినీనటి దేవికారాణిని. ఆమె పుట్టింది మన వాల్తేరులో. కొండలు ఎక్కడివైనా ఎవరో ఒక తెలుగుముడి పడుతూనే ఉంటుంది లెండి.

ఇక ఒక్కలాగే ఉంటాయన్న ఆక్షేపణ. నికరంగా చెప్తాను. మొత్తం దాదాపు 7000 బొమ్మలు. వాటిలో పెద్ద పెద్ద ప్రవక్తలు, మహాత్ములు, కాంతిచక్రాలు ఉన్నవి నాకు అంతగా ఎక్కవు. భార్యాభర్తలిద్దరూ ఒక ఆధ్యాత్మిక బోధని నడిపారు, అదృశ్య గురువుల నుంచి వచ్చిందన్నారు, శంభల గురించి నమ్మకంగా మాట్లాడారు. దానిమీద తీర్పు చెప్పే పని నాది కాదు. కాని బొమ్మలో ఆ నమ్మకం ముందే రాసుకున్న జవాబులా కూర్చుంటే కొండ ఉత్త తెరలా వెనక్కి పోతుంది. వాటిని చూసే నేను క్యాలెండర్ అన్నది. ఆ మాట వాటి వరకూ ఇప్పుడు కూడా వెనక్కి తీసుకోను.

అవి కాకుండా ఇంకో రకం ఉన్నాయి. కులూలో ఉన్న ఇరవై ఏళ్ళలో అట్టముక్కల మీద వేసిన చిన్న చిన్న కొండలు. ఒక అడుగు ఎత్తు, అడుగున్నర వెడల్పు. పేరు కూడా పెద్దగా ఉండదు, 'హిమాలయాలు' అని, కొన్నిటికి 'సాయంత్రం' అని. మనిషి లేడు, గురువు లేడు, సందేశం లేదు. ఒక అంచు, ఒక మబ్బు, ఒక రంగు మారే నిమిషం. పక్కపక్కన పెట్టి చూస్తే ఒక్కలాగే ఉంటాయన్నది ఎంత తప్పో తెలుస్తుంది. ఒకదాంట్లో లోయ నిండా మంచుపొగ పాలలా నిలిచి ఉంటుంది, ఇంకోదాంట్లో అదే లోయ ఎండిన రక్తం రంగు. అది ఒకే కొండ రోజుకి ఎన్నిసార్లు మారుతుందో పట్టుకున్న లెక్క. ప్రయాణం ఆపేశాక వేసినవి ఇవి. వేల మైళ్ళు తిరిగిన మనిషి చివరికి ఒక కిటికీ ముందు కూర్చున్నాడు, కొండే ఆయన ముందు తిరిగింది.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. రష్యామీద దాడి జరుగుతుంటే కులూలో కూర్చుని మళ్ళీ పాత రష్యా వీరుల్ని వేయడం మొదలుపెట్టారు, అలెగ్జాండర్ నెవ్‌స్కీని, రాకుమారుడు ఈగోర్‌ని. 1942లో నెహ్రూ, ఇందిర నగ్గర్ వచ్చి వాళ్ళింట్లో ఉన్నారు. యుద్ధం ముగిశాక స్వదేశం వెళ్ళిపోదామని ప్రయత్నాలు చేశారు. అవి తేలకముందే, 1947 డిసెంబరు 13న నగ్గర్‌లోనే పోయారు. చివరగా వేస్తున్న బొమ్మ 'గురువు ఆజ్ఞ'. కొండల మధ్య కూర్చున్న ఒక మనిషి, అతనివైపు ఎగిరి వస్తున్న తెల్లని గద్ద. ఇందులో గురువు ఉన్నాడు, సందేశమూ ఉంది, అయినా ఇది నాకు ఇష్టం. ఎందుకంటే ఆ కొండలు తెరలా వెనక్కి పోలేదు.

1957లో పెద్దకొడుకు యూరీ తండ్రి బొమ్మలు కొన్ని వందలు తీసుకుని రష్యా వెళ్ళాడు. మరుసటి ఏడాది మాస్కోలో పెద్ద ప్రదర్శన జరిగింది. 1961లో గగారిన్ అంతరిక్షం నుంచి భూమి అంచున రంగులు చూసి, రోరిక్ బొమ్మల్లా ఉన్నాయని రాసుకున్నాడు. అతనికి కూడా ముందు బొమ్మే కనబడింది, తర్వాత నిజం.

చూడాలనుకునేవాళ్ళకి: నగ్గర్ దాకా వెళ్ళలేకపోతే మనకి దగ్గర బెంగళూరు ఉంది. అక్కడి కర్ణాటక చిత్రకళా పరిషత్‌లో తండ్రీకొడుకులిద్దరి బొమ్మలూ ఉన్నాయి. కాశీ వెళ్ళేవాళ్ళు భారత్ కళాభవన్‌లో, ప్రయాగ వెళ్ళేవాళ్ళు అలహాబాద్ మ్యూజియంలో, తిరువనంతపురం వెళ్ళేవాళ్ళు శ్రీచిత్ర ఆర్ట్ గ్యాలరీలో చూడొచ్చు. నేను మొదటి అసలు బొమ్మ చూసింది బెంగళూరులోనే, లాహుల్ నుంచి వచ్చిన తర్వాత. ఫోన్లో, పుస్తకాల్లో ఆ రంగులు మెరుస్తాయి, అసలు బొమ్మ మెరవదు. పొడిగా, దాదాపు మసకగా ఉంటుంది. మొదట నిరాశపడతారు. అయిదు నిమిషాలు అక్కడే నిలబడండి, కళ్ళు అలవాటు పడతాయి. కాస్త పక్కకి జరిగి చూస్తే అట్టమీద కుంచె ఆగి మళ్ళీ మొదలైన చోట్లు తెలుస్తాయి.

నా నగ్గర్ బొమ్మలు ఏమయ్యాయని ఇంతకుముందు ఒకరిద్దరు అడిగారు. ఏడు వేశాను, అయిదు చింపేశాను. మిగిలిన రెండిట్లో ఒకదాంట్లో చివరి శిఖరం పదునుగానే వచ్చింది. వీడియో చివర పెడుతున్నాను, చూసి నవ్వుకోండి. ఉంటానండీ.